సన్నటి దారిలో వెన్నెముక సర్జరీ: స్క్రూలు, కేజ్‌లు, పనిముట్లలో ఏ డిజైన్ ఎప్పుడు ఎంచుకోవాలి

పెద్ద కోతతో చేసే ఓపెన్ సర్జరీలో సెట్ స్క్రూ (వెన్నుపూసల స్క్రూలను కలిపే రాడ్‌ను స్క్రూ తలలో బిగించే చిన్న మర) వంకరగా ఎక్కితే కంటికి కనిపిస్తుంది, వేలికి తెలుస్తుంది. తీసి మళ్లీ బిగిస్తారు. అదే పొరపాటు చర్మం కింద 60 మి.మీ. లోతున, 18 మి.మీ. గొట్టం అడుగున జరిగితే సర్జన్ చేతిలో ఉండేది స్క్రూడ్రైవర్ పిడి, ఎదురుగా ఉండేది ఎక్స్‌రే తెర. కోత చిన్నదయ్యేకొద్దీ తప్పును చూసే వీలూ, దిద్దుకునే వీలూ తగ్గిపోతాయి. కాబట్టి రెండు డిజైన్లలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు బలం లెక్క వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది లోపల మొరాయిస్తే బయటికి ఎలా వస్తుంది? కింది పోలికలన్నీ ఈ ప్రశ్న పట్టుకునే సాగుతాయి.

ముందు దారి, తర్వాత ఇంప్లాంట్

చాలా ప్రాజెక్టుల్లో కేజ్ (డిస్క్ తీసిన చోట రెండు వెన్నుపూసల మధ్య పెట్టే దిమ్మె) డ్రాయింగ్ పూర్తయ్యాక దాన్ని పట్టుకునే ఇన్సర్టర్ గురించి ఆలోచిస్తారు. అది తలకిందుల పని. దారి వెడల్పు ఖాయమైతేనే మిగతా కొలతలకు అర్థం.

డైలేటర్లతో (ఒకదాని మీద ఒకటి తొడిగే గొట్టాలు) కండరాన్ని క్రమంగా విడదీసి దింపే గొట్టపు రిట్రాక్టర్ (దారి తెరిచి ఉంచే పనిముట్టు) ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన దారి. డిస్క్ ముక్క తీయడానికి 16, 18 మి.మీ. సరిపోతుంది. వెనకనుంచి కేజ్ పెట్టాలంటే 22 నుంచి 26 మి.మీ. దాకా కావాలి. పొడవులు సెంటీమీటర్ తేడాతో ఉండాలి. ఒక సెంటీమీటర్ పొడుగైన గొట్టం చర్మం పైన మిగిలిపోయి చేతికి అడ్డం, ఒక సెంటీమీటర్ పొట్టిదైతే అడుగున కండరం లోపలికి చొచ్చుకొస్తుంది. 18 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. పొడవున్న గొట్టంలో పనిముట్టును ఒక గోడ పైఅంచు నుంచి ఎదుటి గోడ అడుగంచు దాకా ఎంత వాల్చినా 17 డిగ్రీలు దాటదు. నేరుగా ఉన్న పిడి అయితే చెయ్యే మైక్రోస్కోప్ చూపుకు అడ్డమొస్తుంది. బాయోనెట్ వంపు (పిడిని చూపు దారి నుంచి పక్కకు తప్పించే మెలిక) ఇక్కడ అలంకారం కాదు, తప్పనిసరి. ఆ వంపు పనిముట్టు గొట్టం లోపలికి పోయే భాగంలో పడకూడదు. పొడుగు గొట్టంతో కొలిచి చూడకుండా వంపు చోటు నిర్ణయిస్తే చాలా సెట్లలో ఇదే దెబ్బ కొడుతుంది.

రెక్కలు విచ్చుకునే రిట్రాక్టర్ ఎక్కువ చోటిస్తుంది, పక్కనుంచి చేసే సర్జరీకి అదే సరైనది. దాని ఖరీదు కండరం, నరం చెల్లిస్తాయి. రెక్కల మధ్య సందుల్లోంచి కండరం దూరుతుంది, ఎక్కువసేపు తెరిచి ఉంచితే కింద నలిగే కణజాలానికి రక్తం అందదు. ఒక్క లెవెల్ (రెండు వెన్నుపూసల మధ్య ఒక డిస్క్ చోటు), వెనకదారి అయితే గొట్టమే తీసుకోండి.

ఎండోస్కోప్ విషయానికొస్తే లెక్క మారిపోతుంది. ఒకే రంధ్రంతో చేసే పద్ధతిలో పని మార్గం సాధారణంగా 4.1 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అందులో 3.5 మి.మీ. ఫోర్సెప్స్ దూర్చారనుకుందాం. మార్గం వైశాల్యం 13.2 చదరపు మి.మీ., పనిముట్టు చుట్టూ మిగిలే సందు 3.6. అంటే చూపు తేటగా ఉండేందుకు లోపలికి పంపే నీళ్లు ఆ మార్గం గుండా వెనక్కి రావాల్సి ఉంటే దారి నాలుగో వంతుకు పడిపోయింది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. రోగికి మెడనొప్పి, తలనొప్పి, అరుదుగా మూర్ఛ కూడా ఈ ఒత్తిడి పుణ్యమే. పనిముట్టు లావు పెంచి బలం తెచ్చుకుందామనే ముందు ఈ సందు లెక్క వేయాలి. రెండు రంధ్రాల పద్ధతిలో చూసే దారి వేరు, పని చేసే దారి వేరు కాబట్టి నీళ్లు పని రంధ్రం గుండా ధారాళంగా బయటికి పోతాయి, ఎముక కొరికే మామూలు కెరిసన్ పంచ్‌లే వాడుకోవచ్చు. కొత్తగా పనిముట్లు తయారుచేసే బృందానికి ఈ రెండో పద్ధతి తేలిక. తోచిన లావుకు డిజైన్ చేసుకునే స్వేచ్ఛ అందులోనే ఉంది.

3.5 మి.మీ. ఫోర్సెప్స్‌లో దవడ కీలు పిన్ను ఒక మిల్లీమీటర్ లావుంటే గొప్ప. సర్జన్ గట్టిగా పిండితే తెగేది అదే, పడేది నరాల పక్కన. దీనికి మంచి పరిష్కారం పిడి దగ్గర కావాలని ఒక బలహీనమైన పిన్ను పెట్టడం. దవడ తెగే బలం కన్నా బాగా తక్కువ దగ్గర పిడిలో పిన్ను తెగుతుంది, దవడ వదులవుతుంది, పనిముట్టు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. విరగాల్సి వస్తే బయటే విరగాలి.

కే-వైరు మీదుగా స్క్రూనా, వైరు లేకుండానా

చర్మం గుండా పెడికిల్‌లోకి (వెన్నుపూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే ఎముక కాడ) వేసే స్క్రూకి పాత దారి ఇది: జామ్‌షీడీ అనే బోలు సూదితో పెడికిల్ దాటి వెన్నుపూసలోకి వెళ్లడం, 1.4 లేక 1.5 మి.మీ. కే-వైరు దింపడం, సూది తీసేసి వైరు మీదుగా ట్యాప్ (ఎముకలో మరగాడి తీసే పనిముట్టు), తర్వాత బోలు స్క్రూ.

స్క్రూలో రంధ్రం పెడితే బలం పోతుందని చాలామంది భయపడతారు. 6.5 మి.మీ. స్క్రూకి థ్రెడ్ అడుగు వ్యాసం 4.5, రంధ్రం 1.75 అనుకుంటే, వంపుకు నిలిచే గుణం వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది కాబట్టి పోయేది 2.3 శాతమే. భయపడాల్సింది డ్రైవర్ మొన గురించి. ఆరు రెక్కల టీ25 మొనలో లోపలి వ్యాసం 3.2 మి.మీ. దగ్గర ఉంటుంది. దానికీ అదే రంధ్రం పెడితే నష్టం 9 శాతం, పైగా రెక్కల మూలల్లో ఒత్తిడి పోగుపడుతుంది. గట్టి ఎముకలో ముందుగా మెలితిరిగేది స్క్రూ కాదు, డ్రైవర్.

వైరు అసలు ప్రమాదం అది ముందుకు జారడం. ట్యాప్ లేదా స్క్రూ వైరు దిశకు కాస్త ఏటవాలుగా దిగితే పెడికిల్ మొదట్లో వైరు వంగుతుంది. వంగిన చోటు రంధ్రంలో బిగుసుకుంటుంది. అప్పటినుంచి స్క్రూ తిప్పే ప్రతి చుట్టూ వైరును ముందుకు తోస్తుంది. వెన్నుపూస ముందు గోడ దాటితే ఎదురుగా ఉండేవి పెద్ద రక్తనాళాలు. డిజైన్‌లో దీనికి విరుగుడు మూడు చోట్ల ఉంది. వైరుకూ రంధ్రానికీ మధ్య 0.2, 0.3 మి.మీ. వదులు ఉండాలి. మరీ బిగుతైతే చిన్న వంపుకే పట్టేస్తుంది, మరీ వదులైతే ఎముక పొడి దూరి గట్టిపడుతుంది. వైరు మీద 10 మి.మీ.కు ఒక గీత ఉండాలి, డ్రైవర్ వెనక చివరలో ఆ గీత కనిపించాలి. మూడోది, స్క్రూ మొన పెడికిల్ దాటి వెన్నుపూసలోకి రాగానే వైరు లాగేసే వీలు డ్రైవర్ విడదీయకుండానే ఉండాలి. పిడి ఊడదీస్తే తప్ప వైరు రాదంటే ఆ డ్రైవర్‌ను మళ్లీ డిజైన్ చేయండి.

వైరు లేని పద్ధతిలో డ్రైవర్ లోపల ఒక స్టైలెట్ (సన్నటి మొన కడ్డీ) ఉంటుంది. స్క్రూ మొన కన్నా కొంత ముందుకు పొడుచుకు వచ్చి దారి చూపిస్తుంది, స్క్రూ దిగేకొద్దీ వెనక్కి తీసుకుంటారు. దశలు తగ్గుతాయి, వైరు జారే గొడవ ఉండదు. కానీ దారి తప్పితే స్క్రూ తీశాక మళ్లీ అదే రంధ్రం వెతుక్కోవడానికి ఆనవాలేమీ మిగలదు. నావిగేషన్ (కెమెరాతో పనిముట్టు ఎక్కడుందో తెర మీద చూపే ఏర్పాటు) ఉన్న చోట దీన్నే ఎంచుకోండి. సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం ఒక్కటే ఉన్న చోట, ముఖ్యంగా ఎముక పలచబడిన రోగుల్లో, మొద్దు మొనున్న వైరుతో బోలు స్క్రూయే నిలకడైన ఎంపిక. ఎలాగూ సిమెంట్ పోయాల్సి వచ్చినా బోలు రంధ్రమే పనికొస్తుంది. అప్పుడు పక్క రంధ్రాలు స్క్రూ చివరి మూడో వంతులోనే ఉంచాలి. వెనక్కి జరిపితే సిమెంట్ వెన్నుకాలువ వైపు కారుతుంది.

నావిగేషన్ వాడితే ఇంకో కొలత జోడించుకోవాలి. డ్రైవర్ మొన స్క్రూ తలలో 10 మి.మీ. మేర కూర్చుని, అందులో 0.1 మి.మీ. ఊగిసలాట ఉందనుకోండి. 50 మి.మీ. స్క్రూ మొన దగ్గర అది అర మిల్లీమీటర్ అవుతుంది. తెర మీద స్క్రూ తిన్నగానే కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా చూసేది డ్రైవర్‌ను. ట్యూలిప్ తలలోకి (రాడ్ కూర్చునే, పైకి తెరుచుకున్న స్క్రూ తల) థ్రెడ్‌తో బిగిసే స్లీవ్ ఈ ఊగిసలాటను చాలావరకు ఆపుతుంది. రెక్కల బిగుతు మీదే ఆధారపడే డ్రైవర్ వద్దు.

టవరా, విరిచే ట్యాబా

స్క్రూ తల నుంచి చర్మం పైదాకా రాడ్‌కు దారి చూపే పొడిగింపు ఇది. సెట్ల మధ్య తేడా ఎక్కువగా ఇక్కడే తేలుతుంది.

టవర్ విడిగా వచ్చే ఉక్కు గొట్టం, ట్యూలిప్ తలకు క్లిప్‌లా పట్టుకుంటుంది. గట్టిది. జారిన వెన్నుపూసను రాడ్ దగ్గరికి లాగడానికి, తిప్పడానికి ఆనిక ఇస్తుంది. ఇబ్బంది దాని లావు. పక్కపక్క స్క్రూ తలల మధ్య 35 మి.మీ. దూరం, టవర్ వ్యాసం 15, పొడవు 100 అనుకుందాం. మధ్యలో 20 మి.మీ. ఖాళీ. రెండు స్క్రూల మధ్య కోణం 11 డిగ్రీలు దాటితే పైన టవర్లు ఢీకొంటాయి. నడుం అడుగున, ఎల్5-ఎస్1 దగ్గర, వంపు మామూలుగానే అంతకు మించి ఉంటుంది. బహుదిశల్లో తిరిగే తల కొంత సర్దుతుంది, కానీ తల చివరంటా వాలిపోయాక టవర్ పక్క కీలు ఎముకకు ఆనుకుని మీటలా పనిచేస్తుంది. ఆ ఆనికతో స్క్రూనే పైకి లేపుతుంది. ఎముక మెత్తగా ఉంటే ఇది అక్కడికక్కడే వదులైపోతుంది.

ట్యాబ్ స్క్రూ తలలో భాగంగానే వచ్చే రెండు పల్చటి రేకులు. పని అయ్యాక గాడి దగ్గర విరిచేస్తారు. సన్నగా ఉంటుంది, ఒకదాన్నొకటి ఒరుసుకున్నా కాస్త వంగి తప్పుకుంటుంది, క్లిప్ ఊడే బెడద లేదు. కష్టమంతా ఆ గాడి లోతులో ఉంది. మరీ పల్చనైతే రాడ్‌ను కిందికి లాగేటప్పుడే విరుగుతుంది. మరీ మందమైతే విరవడానికి అటూ ఇటూ పదిసార్లు వంచాలి, అంచున ముల్లు మిగులుతుంది. థ్రెడ్ గాడికి పైన, కింద ఒకే వరసలో కొనసాగాలి, చుట్టు దశ తప్పకూడదు. లేకపోతే రాడ్ లాగుతూ దిగిన సెట్ స్క్రూ సరిగ్గా గాడి దగ్గర వంకరగా ఎక్కుతుంది. రెండు రేకుల పైకొసలను కలుపుతూ ఒక వలయం పెడితే అవి విచ్చుకోవు. వలయం లేని ట్యాబ్‌లో సెట్ స్క్రూ థ్రెడ్ జారడానికి సగం కారణం ఈ విచ్చుకోవడమే.

ఒకటి రెండు లెవెళ్లు, తక్కువ జారుడు ఉంటే ట్యాబ్. మూడు లెవెళ్లు దాటినా, బాగా లాగి సరిచేయాల్సి ఉన్నా టవర్. ట్యాబ్ ఎంచుకుంటే మాత్రం ట్రేలో అత్యవసర టవర్ ఒకటి ఉండి తీరాలి. అది ట్యాబ్ విరిగిపోయిన మొండి తలను పట్టుకోగలగాలి. ఈ ఒక్క పనిముట్టు లేక, ముందే విరిగిన ఒక్క ట్యాబ్ కోసం కోత పెద్దది చేయాల్సి వస్తుంది. టవర్ ఎంచుకుంటే క్లిప్ విడుదలను ఖాళీ బల్ల మీద పరీక్షించి సరిపెట్టొద్దు. రాడ్ బిగించి, టవర్ మీద పక్కబలం ఉండగా, సందులో మాంసం ముక్క ఇరికించి విడిపించి చూడాలి.

సెట్ స్క్రూ గురించి ఒక్క మాట. మామూలు వీ ఆకారపు థ్రెడ్ బిగించే కొద్దీ ట్యూలిప్ గోడలను బయటికి తోస్తుంది. చదరపు లేదా వెనక్కి వాలిన థ్రెడ్ తోయదు. చిన్న తల కావాల్సిన ఈ సర్జరీలో గోడలు పల్చన కాబట్టి వీ థ్రెడ్‌కు చోటు లేదు. చివరి బిగింపు టార్క్ (తిప్పుడు బలం) పరిమితి ఉన్న పిడితోనే, ఎదురుపట్టు గొట్టంతోనే జరగాలి. ఎదురుపట్టు లేకుండా బిగిస్తే ఆ మెలి అంతా పెడికిల్‌కు పోతుంది.

రాడ్‌లో పెద్ద చర్చ లేదు. 5.5 మి.మీ. టైటానియం మిశ్రమం, ముందే వంచి వచ్చినది, మొన తూటాలా, పట్టుకునే కొస షట్కోణంగా. గట్టిదనం కావాలంటే కోబాల్ట్-క్రోమ్, కాకపోతే ఎంఆర్ఐలో మసక ఎక్కువ. బెండర్‌తో టైటానియం రాడ్‌ను వంచి, మళ్లీ నిటారు చేసి, మళ్లీ వంచితే పడే నొక్కులు అలసట ఆయుష్షును (పదేపదే పడే భారానికి పగలకుండా నిలిచే కాలాన్ని) కోసేస్తాయి. టైటానియం నొక్కుకు తట్టుకోదు.

కేజ్: పీక్, త్రీడీలో ముద్రించిన టైటానియం, విచ్చుకునేది

పదార్థాల గట్టిదనపు అంకెలు అందరికీ తెలిసినవే. ఘన టైటానియం మిశ్రమం 110 గిగాపాస్కల్, పీక్ అనే ప్లాస్టిక్ 3.5 నుంచి 4, గట్టి ఎముక 12 నుంచి 20. ఈ వరస చూపించి పీక్ ఎముకకు దగ్గర కాబట్టి మంచిదనడం సగం నిజం. కేజ్ ఎంత గట్టిగా ప్రవర్తిస్తుందో ఆకారం, గోడ మందం, ఖాళీలు కలిసి నిర్ణయిస్తాయి. 60, 70 శాతం ఖాళీ ఉన్న జాలీ టైటానియం మొత్తంగా పీక్ స్థాయికి దిగిరాగలదు. పోల్చాల్సింది పదార్థాన్ని కాదు, తయారైన కేజ్‌ను.

పీక్ గొప్పతనం ఎక్స్‌రేలో కనపడకపోవడం. ఎముక కలిసిందో లేదో నేరుగా చూడొచ్చు, కేజ్ ఎక్కడుందో చెప్పడానికి టాంటలం గుర్తులు చాలు. బలహీనత, ఎముక దానికి అతుక్కోదు. మధ్యలో పీచు పొర ఏర్పడుతుంది. టైటానియం పూత వేస్తే అతుకు మెరుగవుతుంది గానీ, ఇరుకు డిస్క్‌లోకి సుత్తితో కొట్టేటప్పుడు పళ్ల అంచుల్లో పూత రాలే ప్రమాదం ఉంది. ఇన్సర్టర్ థ్రెడ్ నేరుగా పీక్‌లో తీయకండి. ఏటవాలు దెబ్బ రెండు పడితే థ్రెడ్ ఒలిచిపోతుంది, కేజ్ సగంలో ఆగిపోయి, పట్టు ఊడిపోయి ఉంటుంది. పక్కల గాళ్లలో పట్టే కొక్కేలు గానీ, లోహపు గింజ గానీ పెట్టండి.

ముద్రించిన జాలీలో సాధారణంగా రంధ్రాలు 300 నుంచి 800 మైక్రాన్ల మధ్య ఉంచుతారు. ఎముక లోపలికి పాకుతుంది, గరుకు ఉపరితలం మొదటి రోజునుంచే పట్టు ఇస్తుంది. చిక్కులు తయారీలో ఉన్నాయి. కరగని పొడి జాలీలో ఇరుక్కుంటుంది. బయటికి దారిలేని గదులు డిజైన్‌లో ఉంటే ఎంత కడిగినా రాదు. ప్రతి గదికీ కనీసం రెండు వైపుల దారి ఉంచి, సీటీ స్కాన్‌తో చూసుకోవాలి. వేడి, ఒత్తిడి కలిపి చేసే హిప్ ప్రక్రియ లోపలి బుడగలను మూస్తుంది, ఉపరితలపు గరుకులను మూయదు. అలసట పగుళ్లు అక్కడినుంచే మొదలవుతాయి. కేజ్ ముందు వైపు అంచు, సుత్తి దెబ్బ పడే వెనక గోడ ఘనంగా ఉండాలి. జాలీని అంచుదాకా తెస్తే సన్నటి కడ్డీలు చొప్పించేటప్పుడే తెగి లోపల పడతాయి. ఎముక లోపలిదాకా పెరిగిన జాలీని తర్వాత తీయాలంటే ఉలితో చుట్టూ కోయడం తప్ప దారి లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇన్ఫెక్షన్ భయం ఎక్కువున్న రోగిలో ఇది తూకం మారుస్తుంది.

మామూలు రోగిలో ఒక్క లెవెల్‌కు మా ఓటు ముద్రించిన టైటానియానికే, మెడికల్ ఇమేజింగ్ అవసరాలు పీక్ వైపు నెట్టితే తప్ప. రేడియేషన్ ఇవ్వాల్సిన కణితి కేసులు అలాంటివి.

విచ్చుకునే కేజ్ ఆకర్షణ అర్థం చేసుకోదగ్గదే. 8 మి.మీ. ఎత్తున దూరి, లోపల 12 అవుతుంది. నరాన్ని పక్కకు లాగే పని తగ్గుతుంది, కొట్టుడు తగ్గుతుంది. కానీ డిస్క్ ఎత్తు ఇప్పటికే 9, 10 ఉన్న చోట దీన్ని పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి తీయడమే. దాని అసలు గుట్టు టార్క్‌లో ఉంది. లోపలి స్క్రూ 5 మి.మీ. దైతే ఒక్క న్యూటన్-మీటర్ తిప్పుడు దాదాపు 1000 న్యూటన్ల లాగుడవుతుంది. వాలు బల్లల మీద రాపిడి పోగా అందులో పెద్ద భాగం ఎండ్‌ప్లేట్ల (డిస్క్‌కు ఆనుకున్న వెన్నుపూస పలకలు) మీదే పడుతుంది. సర్జన్ వేళ్లకు తెలిసేది ఆ ఒక్క న్యూటన్-మీటర్. ఎముక కుంగుతుంటే చేతికి మెత్తగా, ఇంకా తిప్పొచ్చన్నట్టు తోస్తుంది. టార్క్ పరిమితి లేని పిడితో ఈ కేజ్ ఇవ్వకండి. ఎముక పలచనైతే అసలు వద్దు.

ఇంకో లోటు, యంత్రాంగం లోపలి చోటు తినేస్తుంది, విచ్చుకున్నాక కొత్త ఖాళీ పుడుతుంది. దాన్ని ఇన్సర్టర్ బోరు గుండా ఎముక పొడితో నింపాలి. బోరు వ్యాసంలో మూడో వంతు కన్నా పెద్ద గుళికలు ఒకదానికొకటి ఆనుకుని వంతెన కట్టి అడ్డం పడతాయి. అడ్డం పడ్డాక గట్టిగా తోస్తే కదిలేది గుళికలు కాదు, కేజ్. కనిష్ఠ ఎత్తుకు తిరిగి ముడుచుకోని కేజ్‌ను ఏ కారణంతోనూ ఒప్పుకోవద్దు.

ఆకారంలో: తిన్నటి తూటా కేజ్ 22 మి.మీ. గొట్టంలోంచి సులువుగా పోతుంది. అరటిపండు ఆకారం డిస్క్ ముందు భాగంలో కూర్చుని నడుం వంపు బాగా తెస్తుంది, గట్టి అంచు వలయం మీద ఆనుతుంది. కాకపోతే లోపల తిరగాలి, తిప్పే ఇన్సర్టర్ కీలు సన్నగా ఉంటుంది, సుత్తి దెబ్బ తిన్నగా ఆ కీలు మీదే పడుతుంది. తిరిగే దశలో కొట్టకుండా, బిగింపు స్థితిలోనే కొట్టేలా తాళం పెట్టాలి. పక్కనుంచి పెట్టే కేజ్‌లో 18 కన్నా 22 మి.మీ. వెడల్పు తక్కువ కుంగుతుంది, దారి ఇచ్చినంత వెడల్పు తీసుకోండి.

పరీక్షల్లో ఏది దేనికి

కేజ్‌కు అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్2077, కుంగుడుకు ఎఫ్2267, స్క్రూ-రాడ్ చట్రానికి ఎఫ్1717, విడి స్క్రూకు ఎఫ్543. అలసట పరీక్ష 50 లక్షల ఆవృత్తాలు. విచ్చుకునే కేజ్‌ను పూర్తి ఎత్తులో ఒక్కటే పరీక్షించి ఊరుకోవద్దు, ఏ ఎత్తులో తాళం తక్కువ మేర పట్టుకుంటుందో అది కూడా చేర్చాలి. ఇవన్నీ పాసైనా టవర్ ఊడకపోవడం, ట్యాబ్ ముందే విరగడం, వైరు బిగుసుకోవడం ఈ ప్రమాణాల్లో లేవు. వాటికి సొంత పరీక్షలు రాసుకోవాలి. తడి గ్లవ్స్‌తో, పైన గుడ్డలు కప్పి, తెర చూస్తూ చేయించాలి.

పనిముట్ల లోహం, కడగడం

డ్రైవర్లకు 17-4 ఉక్కు చవక, చెక్కడం తేలిక. సన్నటి బోలు మొనలకు మాత్రం కస్టమ్ 465 రకం తీసుకోండి, అదనపు బలం అక్కడే అక్కరకొస్తుంది. కొరికే అంచులకు 420. పొడవాటి బోలు గొట్టాలు కడిగే గదిలో శత్రువులు. నీళ్లు ఒక కొస నుంచి మరో కొసకు పారేలా, లోపలి భాగం పనిముట్లు లేకుండా చేత్తో విడదీసేలా ఉండాలి. మూసుకుపోయే గది, లోపల స్ప్రింగ్ ఉన్న స్లీవ్ అయితే రక్తం ఎండిపోయి 134 డిగ్రీల ఆవిరిలో ఇంకా గట్టిపడుతుంది.

రిట్రాక్టర్‌కు అల్యూమినియం తేలిక, ఎక్స్‌రేకూ పెద్దగా అడ్డం కాదు. కానీ క్షారగుణం ఎక్కువున్న డిటర్జెంట్ దాని ఆనోడైజ్ పొరను తినేస్తుంది. నల్లటి గొట్టం బూడిదరంగుకు తిరిగి, లోపలి గోడ మెరవడం మొదలవుతుంది. ఆ మెరుపు మైక్రోస్కోప్ వెలుగును నేరుగా కంట్లోకి కొడుతుంది. మీ వినియోగదారులు ఏ డిటర్జెంట్ వాడతారో అదుపులో లేకపోతే గొట్టాలను టైటానియంలోనో ఉక్కులోనో చేసి, లోపలి గోడను మ్యాట్‌గా పూసలతో తోమించండి.